తలుపు పక్క గిన్నె

తాలిత్స గ్రామం
అక్టోబరులో, పొక్రోవ్ పండుగ వెళ్లాక

చెల్లెలు ఉస్తీన్యకు అన్న తెరెంతి రాసేది. ప్రభువు నిన్ను కాపాడుగాక.

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్లు అందాయి. వెచ్చగా ఉన్నాయి. వాటి మీది దుప్పి బొమ్మను మన సంఘంలోని మావ్ర అక్క దారం దారం ఊడదీసి ఇచ్చింది. కాళ్ల మీద జంతువును పెట్టుకుని ప్రార్థనకు నిలబడతావా అని అడిగింది. 

ఇప్పుడు అసలు సంగతి. గవర్నరు గెన్నాది మక్సీమిచ్ దిగిపోతున్నాడని కొట్టు గ్లాఫీర రేడియోలో విన్నదట. ఆయన్ని నేను పొగడను. తాగుబోతు, అల్లుడికి కలప మిల్లు కట్టబెట్టినవాడు. కానీ ఏటా తేనె పండక్కి మన ఊరొచ్చేవాడు. మన విశ్వాసం కానివాళ్లకని తలుపు పక్క అలమరలో ఉంచే గిన్నెలో మన పుల్లటి రొట్టెపానీయం, క్వాస్ పోసిస్తే, నాకు వేరే గిన్నె ఏమిటని అడగకుండా గటగటా తాగి మూతి తుడుచుకునేవాడు. 'మీ తాతల మిట్ట జోలికి నేనుండగా ఎవడూ రాడు' అనేవాడు. ఎవడూ రాలేదు.

ఇప్పుడు వచ్చారు. రాగి కంపెనీ మనుషులు మిట్ట మీద పైన్ చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టి పోయారు. అమ్మ సమాధి మీద నీడ పడే చెట్టుకీ కట్టారు. దాన్ని నేను విప్పి పొయ్యిలో వేశాను.

నాబోతు సంగతి నీకు చిన్నప్పుడు నేనే చదివి వినిపించాను. తాతల నాటి ద్రాక్షతోట రాజు అడిగితే ఇవ్వనన్నాడు, రాళ్ల దెబ్బలతో చచ్చాడు. సొలొమోను రాజు పోయి కొడుకు రెహబాము వచ్చినప్పుడు జనం ఏం అడిగారు? కాడి కాస్త తేలిక చేయమని. ఆ కుర్రవాడు ఇంకా బరువు చేస్తానన్నాడు, నీకు తెలుసు. నువ్వు ఆ గవర్నరు భవనంలో కూర్చుంటావు. వచ్చేవాడెవడు? మిట్టను ఉంచుతాడా, తవ్వుతాడా? నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

నీ గిన్నె కూడా ఆ తలుపు పక్క అలమరలోనే ఉంది. నువ్వు ఊరు వదిలి లోకంలో కలిసిపోయిన రోజున అమ్మే దాన్ని మన వరసలోంచి తీసి అక్కడ పెట్టింది. పిల్ల తిరిగొచ్చి ప్రాయశ్చిత్తం చేస్తే మళ్లీ వరసలో పెట్టమని పోయేముందు నాకు చెప్పింది. దుమ్ము దులుపుతూనే ఉన్నాను.

అన్న తెరెంతి


స్తారొగోర్స్క్ నగరం
నవంబరు 9

అన్నయ్యా,

దుప్పి పోయినా మేజోళ్లు మిగిలాయి, సంతోషం. ఇక్కడ అదీ మిగలడం లేదు. గెన్నాది మక్సీమిచ్‌ను మాస్కోలో సెనేటులో కూర్చోబెడతారని మాట బయటికి రాగానే ఆయన పటాలు గోడలమీంచి దిగాయి. తర్వాతివాడెవడో ఇంకా తెలియదు, వాడి పటానికని మేకులు మాత్రం ఉంచారు.

ఎవరొస్తారని అడిగావు. గవర్నర్లు మా భవనంలో తయారవరు. ఎక్కడో తయారై విమానంలో దిగుతారు, మేం పూలగుత్తి పట్టుకుని నిలబడతాం. కానీ ఒకటి చెప్తాను. నేను చేరినప్పుడు మా ఆర్థిక శాఖ నేలమాళిగలో బాయిలర్ గది పక్కన ఉండేది. చలికాలంలో చేతులు కాచుకోవడానికి తప్ప మా దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కారు. ఇప్పుడు గవర్నరు గది పక్క తలుపు మాదే. బడులవాళ్లు, ఆస్పత్రులవాళ్లు, చివరికి పోలీసు పెద్దలు కూడా మా వరండాలో కుర్చీలు వెతుక్కుంటారు. ఒకప్పుడు మనిషిని కుర్చీ ఎక్కించేముందు ఏ పార్టీ అని అడిగేవారు. ఆ తర్వాత ఎవరి మనిషి అన్నారు. ఇప్పుడు లెక్క తేలుస్తాడా అంటున్నారు. ఈ ప్రాంతంలో టీచరు జీతం, నర్సు జీతం, నా జీతం అన్నీ రాగిలోంచే వస్తాయి. రాగి చేతిలో ఉన్నవాడికి ఇంకెవరి ఆశీర్వాదం కావాలి?

నాబోతును మర్చిపోలేదు. అతన్ని చంపించిన రాణి యెజెబెలు అని నన్ను అనకు, అంతే. మిట్ట కాగితాలు నా బల్ల దాటకుండా ఎక్కడికీ పోవు. నిశ్చింతగా ఉండు. ఉప్పులో ఊరిన పుట్టగొడుగులు ఉంటే ఒక సీసా పంపు. ఇక్కడ దొరికేవి రబ్బరు నమిలినట్టున్నాయి.

నీ ఉస్తీన్య


తాలిత్స
క్రీస్తు జనన ఉపవాసంలో

చెల్లీ,

పుట్టగొడుగులు పాలబండివాడితో పంపాను. సీసా తిరిగి పంపు.

మీ కొత్తవాడి పేరు గ్లాఫీర పిండి సంచి మీద రాసుకొచ్చింది. వాదిమ్ ఎర్నెస్తోవిచ్. ఎన్నికలదాకా తాత్కాలికమట, ఆ తర్వాత ఎప్పటికీనట. రాగి కంపెనీలో డబ్బు లెక్కలు చూసిన మనిషట. గొర్రెలకు కాపరి కావాలంటే ఉన్ని వ్యాపారిని పెట్టారన్నమాట.

ప్రార్థన పెద్దను మనం ఎలా ఎన్నుకుంటాం, గుర్తుందా? సంఘమంతా మనిషి ముందు వంగి అడుగుతుంది. అతను వద్దంటాడు. రెండోసారి అడుగుతుంది, మళ్లీ వద్దంటాడు. మూడోసారి ఏడుస్తూ ఒప్పుకుంటాడు. నేనూ అలాగే ఒప్పుకున్నాను. మొదటిసారే సరేనన్నవాణ్ణి గడప దాటించి పంపేస్తాం. మీవాడు ఒక్కసారైనా వద్దన్నాడా?

ఆదివారం రెహబాము మీద ప్రసంగించాను. మర్నాడు పోలీసు కుర్రాడు వచ్చి టోపీ తీయకుండా బల్ల మీద కూర్చున్నాడు. అధికారులను తిట్టావని ఫిర్యాదు ఉంది తాతా అన్నాడు. నేను తిట్టింది రెహబామునని చెప్పాను.

"ఇంటిపేరు?"

"దావీదు వంశం."

రాసుకున్నాడు. ఎక్కడుంటాడని అడిగితే యెరూషలేము అన్నాను. అదీ రాసుకుని, విదేశీయుడైతే మా పరిధి కాదులే అని లేచిపోయాడు. మావ్ర అక్క తలుపు వెనక తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది.

నవ్వాం. నవ్వి బయటికొస్తే మిట్ట మీద మళ్లీ ఎర్ర రిబ్బన్లు.

తెరెంతి


స్తారొగోర్స్క్
ఫిబ్రవరి 20

అన్నయ్యా,

ఈ ఉత్తరం పూర్తిగా చదివాక కోప్పడు.

వాదిమ్ ఎర్నెస్తోవిచ్ చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు, సమావేశానికి సమయానికి వస్తాడు. నీళ్లకోసం ఎప్పటినుంచో ఏడుస్తున్న కార్మికవాడకు వచ్చిన నెలలోనే గొట్టాలు వేయించాడు. కానీ జనానికి ఆయన ముఖం బ్యాంకు గోడలా కనిపిస్తోంది. ఈ మట్టికీ ఈయనకీ సంబంధం ఏమిటని సెప్టెంబరు ఎన్నికల్లో అడుగుతారు. అందుకని ఆయన చుట్టూ ఉన్నవాళ్లు ఒకటి అనుకున్నారు. ఈ ప్రాంతంలో అందరికంటే పాతవాళ్లు, పాత విశ్వాసం వదలనివాళ్లు మీరు. జారు చక్రవర్తులకు లొంగలేదు, పార్టీకి లొంగలేదు. మీరు ఆయన్ని ఇంట్లోకి పిలిచి మీ గిన్నెలో క్వాస్ ఇస్తే చాలు.

తలుపు పక్క గిన్నె కాదు. మీ గిన్నె. నువ్వు తాగే గిన్నె. ఆ తేడా వాళ్లకు ఎవరు చెప్పారని అడగకు.

బదులుగా మిట్టను తవ్వకాల హద్దు బయట పెడతారు. నాకు మాటిచ్చారు.

ఇంకో సంగతి. ఆర్థిక వ్యవహారాలకు డిప్యూటీ గవర్నరుగా ఉండమని నన్ను అడిగారు. నేను రెండుసార్లు వద్దన్నాను, మన పద్ధతిలోనే. మూడోసారి ఎవరూ అడగలేదు. ఉత్తర్వు వచ్చింది.

ఉస్తీన్య


తాలిత్స
మహా ఉపవాసం మొదటివారం

ఉస్తీన్యా,

పూర్తిగా చదివాకే కోప్పడ్డాను. ఆ కోపం ఇంకా ఉంది.

బబులోను రాజు బెల్షస్సరు విందులో, దోచుకొచ్చిన యెరూషలేము ఆలయపు పాత్రలు తెప్పించుకుని తాగాడు. ఆ రాజుకు బంగారు గిన్నెలు లేకనా? వాడికి కావలసింది దాహం తీరడం కాదు, ఆ పాత్రలు తనవనిపించుకోవడం. మీవాడికీ అంతే. మనం ఎందుకు వేరే గిన్నె ఉంచుతామో వాడికి తెలియదు, నీకు తెలుసు. ఒక గిన్నెలో తాగితే ఒక నెత్తురు. వాడి పాపం మనది, మన సమాధులు వాడివి. అది ప్రమాణం. ఏశావు కూడా ఒక పూట కూటికే జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు, కానీ వాడు నిజంగా ఆకలితో ఉన్నాడు.

ఇదంతా సంఘం ముందు చెప్పాను. మండిపడుతూ చెప్పాను. ఆడవాళ్లు కొందరు ఏడ్చారు. అంతా అయిపోయాక మావ్ర అక్క గోడకు ఆనుకుని లేచి నిలబడింది.

"తెరెంతీ, నీ గొంతు బాగుంది. కానీ గిన్నె విరగ్గొట్టి ఇంకోటి చెక్కుకుంటాం. మిట్ట తవ్వేస్తే నువ్వు చెక్కుతావా?"

నేను ధర్మం మాట్లాడాను. ఆవిడ మిట్ట కింద పడుకున్న భర్తనూ ముగ్గురు పిల్లలనూ పేరు పేరునా చెప్పింది. 

సరే, రమ్మను. గిన్నె ఇస్తాను. నియమం ప్రకారం లోకస్థుడితో తాగిన ప్రార్థన పెద్ద గ్రంథం ముట్టకూడదు, అది నీకు తెలుసు. నాకెవరూ శిక్ష వేయనక్కరలేదు, నేనే దిగిపోతాను. మీవాడు ఎక్కడానికి నేను దిగుతున్నాను. ఆ మాట ఆయనకు చెప్పు. లేదంటే చెప్పకు, లెక్కలో రాసుకోవడానికి ఆయన దగ్గర గడి ఉండదు.

నువ్వూ రా. నీ గిన్నె కడిగి పెడతాను.

తెరెంతి


తాలిత్స
త్రిత్వ పండుగ వెళ్లిన వారం

ఉస్తీన్యా,

నువ్వు రాలేదు. సమావేశం ఉందన్నారు. కడిగిన నీ గిన్నె బోర్లించి పెట్టాను.

వాళ్లు వచ్చారు. నల్ల కార్లు గ్లాఫీర కోళ్లను చెదరగొట్టాయి. మీవాడు సన్నగా, శుభ్రంగా, మర్యాదగా ఉన్నాడు. గడప దగ్గర తల తగలకుండా వంగాడు, దాన్ని కెమెరా వాడు నమస్కారంగా తీసుకున్నాడు. వెనకాల ఒక మనిషి చేతిలో నీళ్ల సీసా, దాని మీద మూత, మూత మీద ఇంకో మూత. ఎక్కడికి వెళ్లినా ఆయన తన సీసాలోనే తాగుతాడట. ఈ ప్రాంతంలో వేరే గిన్నె ఉంచుకునేది మనమొక్కరమే అనుకున్నాను చెల్లీ. మనకంటే నిష్ఠ గలవాళ్లు ఉన్నారు.

నా గిన్నె నిండా క్వాస్ పోసి రెండు చేతులా ఇచ్చాను. తీసుకున్నాడు. పెదవికి ఆనించాడు. ఎత్తాడు. కెమెరా టకటకలాడింది. మంచి పానీయం, ధన్యవాదాలు అని తిరిగి నా చేతిలో పెట్టాడు.

నురగ కూడా చెదరలేదు.

నేను చూశాను, మావ్ర అక్క చూసింది. పొయ్యి పక్క నుంచే అడిగింది, మెల్లగానే అడిగింది.

"దాహం లేనప్పుడు ఇంతదూరం ఎందుకొచ్చావు బాబూ?"

ఆయన నవ్వాడు. ఏ మాటకైనా నవ్వమని నేర్పి ఉంటారు. అందరూ నావైపు చూస్తున్నారు. ఇక నా వంతు. గిన్నె ఎత్తి అడుగుదాకా తాగాను. ప్రమాణం చేసింది నేనొక్కణ్ణే. పెదవి తగిలింది గనక నేను అపవిత్రుణ్ణయ్యాను, గుటక దిగలేదు గనక అతను కట్టుబడలేదు.

సూటిగా అడుగుతున్నాను. మిట్ట హద్దు బయట ఉందా, లేదా?

తెరెంతి


స్తారొగోర్స్క్
జూన్ 25

అన్నయ్యా,

ఫొటో బాగా వచ్చింది. నగరమంతా పెట్టారు. నీ గడ్డం మా బస్‌స్టాపు మీద నా కంటే ఎత్తుంది.

గుటకలు లెక్కపెట్టడం మానెయ్. ఆయనకు కడుపు సరిగా ఉండదు, బయటి పానీయాలు డాక్టర్లు వద్దన్నారు. నువ్వు ప్రతిదాన్నీ ప్రమాణం చేస్తావు. ఇక్కడ ప్రమాణాలు జరగవు, ఏర్పాట్లు జరుగుతాయి. ఎన్నికలు కానీ.

సీసా పంపుతున్నాను. కడిగాను.

ఉస్తీన్య


స్తారొగోర్స్క్
సెప్టెంబరు 17

అన్నయ్యా,

ఎవరో వచ్చి చెప్పకముందు నేనే చెప్తున్నాను. మిట్ట కంపెనీకి ఇచ్చేశారు. సంతకం నాది.

గవర్నరు పెట్టలేదు. ఎన్నికైన వారంలోనే అలాంటి కాగితం మీద గవర్నరు పేరు ఉండకూడదన్నారు. ఆర్థిక విషయం కాబట్టి ఆర్థిక డిప్యూటీ పెట్టాలన్నారు. నేను పెట్టకపోతే నా కుర్చీలో కూర్చున్న ఇంకొకడు పెడతాడు. వాడికి తాలిత్స పేరు కూడా పలకడం రాదు. నేను పెట్టాను గనక కొన్ని రాబట్టాను. అక్టోబరులో సమాధులను కంపెనీ ఖర్చుతో మర్యాదగా తీసి, రోడ్డు పక్కన కంచె వేసిన కొత్త శ్మశానంలో పెడతారు. ఒక్కొక్కరికీ కొత్త పెట్టె, రాతి పలక. ఊరికి తారు రోడ్డు వస్తుంది, వారానికి రెండుసార్లు డాక్టరు వస్తాడు. మావ్ర అక్క మోకాళ్లకు ఇన్నాళ్లూ ఏ లేఖనం మందు వేసింది?

మాటిచ్చినవాళ్లు ఏమయ్యారని అడుగుతావు. మాటిచ్చినతనికి మాస్కోలో ఉద్యోగం వచ్చింది. ఈ భవనంలో మాట మనిషితో పాటే బదిలీ అవుతుంది.

నన్ను ఏ పేరు పెట్టి పిలుస్తావో తెలుసు. యెజెబెలు రాజు పేరుతో ఉత్తరాలు రాసి రాజు ముద్ర వేసింది. నేను నా పేరే రాశాను.

జవాబు రాయి.

ఉస్తీన్య


స్తారొగోర్స్క్
అక్టోబరు 9

అన్నయ్యా,

జవాబు రాయలేదు. కోపమనుకున్నాను. పోయిన వారం కంపెనీ మనిషి నా గదికి వచ్చి తలుపు వేసి చెప్పాడు. మిట్ట మీద తవ్వితే చాలా సమాధులు ఖాళీగా ఉన్నాయట. పైన సిలువ అలాగే ఉంది, మట్టి సర్ది ఉంది, కింద ఏమీ లేదు. అమ్మది కూడా.

ఇది నేరం, తెలుసా? అనుమతి లేకుండా సమాధి తెరిస్తే జైలు. కేసు రాయకుండా నేనే ఆపాను, అదేమీ ఉపకారంగా చెప్పడం లేదు. కొత్త శ్మశానంలో అమ్మ పేరుతో రాయి పెట్టించాను. నల్ల రాయి, మంచి రకం. దాని కింద ఏమీ లేదు.

రాత్రింబవళ్లు ఆ రాయే కళ్లముందుంది. నేను డిప్యూటీ గవర్నరుగా అడగడం లేదు. అమ్మ ఎక్కడుంది?

ఉస్తీన్య


తాలిత్స
పొక్రోవ్ పండుగ రోజు

చెల్లీ,

ముందు ఊరి సంగతులు. రోడ్డు వేస్తున్నారు, గ్లాఫీర సంతోషంగా ఉంది. డాక్టరు ఒకసారి వచ్చి మావ్ర అక్క మోకాళ్లు చూసి నడవొద్దన్నాడు. ఆవిడ మాతో పాటు గడ్డపార పట్టుకుని రాత్రిపూట మిట్ట ఎక్కిన వారమే అది. అందుకని డాక్టరు మాట మేం నమ్మాం.

ప్రార్థన పెద్ద ఇప్పుడు ఆవిడే. సంఘం మూడుసార్లు అడిగింది. రెండుసార్లు వద్దంది, మూడోసారి నన్ను చూసి ఏడ్చింది. గ్రంథం ఆవిడ చేతుల్లో పెట్టి నేను తలుపు పక్కకు వచ్చి నిలబడ్డాను. ప్రసంగం నాకంటే చిన్నది చేస్తుంది. జనానికి నచ్చింది.

పోలీసు కుర్రాడు మళ్లీ వచ్చాడు, ఈసారి టోపీ తీశాడు. సమాధుల్లో మనుషులేరి తాతా అన్నాడు. మోషే మోయాబు దేశంలో చనిపోతే దేవుడే పాతిపెట్టాడనీ, ఎక్కడో ఈనాటికీ ఎవడికీ తెలియదనీ, ఆ శరీరం కోసం సాతాను దేవదూతతో పోట్లాడినా దొరకలేదనీ చెప్పాను. ఏమీ రాసుకోలేదు. వాళ్ల నాయనమ్మ కూడా మిట్ట మీదే ఉండేది. ఆవిడా దొరకలేదని తనే చెప్పి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నీ ప్రశ్న. నిన్ను యెజెబెలు అనను. ఆవిడ ఎవరి దగ్గరా పుట్టగొడుగులు అడగలేదు. ఇంకొకడు సంతకం పెట్టేవాడన్నావు. పెట్టేవాడే. యూదా కాకపోతే ఇంకొకడు ముద్దు పెట్టి క్రీస్తును పట్టించేవాడు. అయినా పెట్టినవాడి పేరే మిగిలింది.

అమ్మను పాతచోటు నుంచి లేపింది నీ సంతకం. కొత్తచోటు నీ కార్యాలయానికి అప్పగించలేను. కాగితం మీదికి ఎక్కిన చోటు ఏదో ఒక రోజు నీ బల్ల మీదికి వస్తుంది. నువ్వు కాకపోతే నీ తర్వాతివాడి బల్ల మీదికి. అందుకే సిలువ నాటలేదు, చెట్టుకు గంటు పెట్టలేదు. మావ్ర అక్క ఇప్పుడు నడవలేని మనిషి. దారి ఇక నా కాళ్లకొక్కటే తెలుసు.

తలుపు పక్క అలమరలో నీ గిన్నె పక్కనే ఇప్పుడు నా గిన్నె ఉంది. అమ్మ నిన్ను నా వరసలోకి తేమంది. నేనే నీ వరసలోకి వచ్చాను. వాళ్ల ఏర్పాట్లలో నాకు దక్కింది ఇదీ.

రాదలచుకుంటే రా. తారు రోడ్డు మీద కారులో కాదు, పాత దారిన నడిచి రా. నీ గిన్నె నిండా క్వాస్ పోసిస్తాను. నురగ కాదు, అడుగు చూపించు. అప్పుడు అమ్మ దగ్గరికి తీసుకుపోతాను.

గుర్తులేమీ పెట్టలేదన్నాను కదా. ఒక వంగిన చెట్టూ, నేల రంగులో చిన్న తేడా, అంతే. నేల కనిపించినంతకాలమే నేనైనా పోల్చుకోగలను. ఆ తర్వాత వసంతానికి నా కళ్లు ఉంటాయో, నేనే ఉంటానో.

ఇక్కడ పొద్దుటి నుంచి మంచు పడుతోంది.

అన్న తెరెంతి